ఊపిరికి జారుముడి

మొదటి రోజు, గురువారం

డాక్టర్ పరాంకుశం గారు ఈరోజు మాటపెట్టెలో చెప్పారు, ఇంక సెలవు అని. ఎనభై దాటాయి. చెయ్యి వణుకుతోందట. పడవెక్కి గట్టు మీద, నేల మీదుండే కూతురి దగ్గరికి వెళ్ళిపోతారు.

"నలభై రోజుల్లో కొత్తవాళ్ళని ఎంచుకోండి లేయమ్మా. ముగ్గురి పేర్లు పంపిస్తున్నా. ఒక్కొక్కరితో ఒక్కో గురువారం మాట్లాడి చూడండి. పంచాయితీ తెప్ప మీద పేరు చెప్పాల్సింది నువ్వే. చెప్పాక ఏడేళ్ళదాకా మార్పు లేదు, తెలుసుగా."

తెలుసన్నాను.

"ఈ నలభై రోజులూ పుస్తకం రాయి. మీ ఇంటి సంగతి వచ్చేవాళ్ళకి తెలియాలిగా."

అదే ఈ పుస్తకం. చివరికి కొత్త డాక్టరు చేతికి వెళ్తుంది. కాబట్టి ముందు మా ఇల్లు చెబుతాను. ఏడో వరసలో నాలుగో తెప్ప మాది. కింద సముద్రం, దాని కింద మా తాతల ఊరు. తెప్ప మీద నలుగురం. నేను లేయమ్మ, యాభై నాలుగు. పెద్దదాన్ని, పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ఏసుదాసు, నలభై ఎనిమిది. వాడి భార్య మార్త. అందరికంటే చిన్నది చెల్లెలు హెప్సీబా, నలభై మూడు. నీళ్ళలోకి దిగి నాచు పెంచే తాళ్ళు కట్టేది, కోసేది అదే. అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళు. అప్పటినుంచి ఈ ఇంటి గొంతు నేను.

మాటపెట్టె ఇంటికి వారానికి పన్నెండు నిమిషాలు పలుకుతుంది. ముప్పై ఒక్క తెప్పలకీ మాట అందించే స్తంభం ఒకటే, అంతకు మించి రాదు. అందరూ ఎగబడితే ఎవరి మాటా తెమలదు. అందుకే ఇంటికి ఒక గొంతు. మిగతావాళ్ళు బాధ వచ్చినప్పుడల్లా తలుపు పక్కన వేలాడే తమ తాడుకి ఒక ముడి వేస్తారు. నొప్పికి ఒంటిముడి. జ్వరానికి జంటముడి. చెవికి ఉంగరపు ముడి. ఊపిరికి జారుముడి. బుధవారం సాయంత్రం నేను తాళ్ళు చూసుకుంటాను. గురువారం పొద్దున డాక్టరుగారికి చెబుతాను. నా ఎడమ చెవి వినపడదు. కుడిచెవి పెట్టెకి ఆనించి కూర్చుంటాను.

ఈ వారం: దాసుకి నడుము. మార్తకి చెయ్యి కాలింది. హెప్సీ తాడుకి జారుముడులు మూడు. ఒకటి చెప్పాను. దానికి చిన్నప్పటినుంచి ముడులు ఎక్కువ వేసే అలవాటు.

పెట్టె ఆరిపోయే ముందు డాక్టరుగారు అన్నారు, "పంతొమ్మిదేళ్ళుగా మీ ఇంట్లో నాకు తెలిసిన గొంతు నీదొక్కటేనమ్మా" అని.

ఆ మాట కొంగున కట్టుకుని రోజంతా పని చేసుకున్నాను. రాత్రి స్తోత్రం చెప్పుకున్నాను.

మూడో రోజు, శనివారం

నాచు ఎండేసే రోజు. గాలి దక్షిణం నుంచి. హెప్సీ కింద తాళ్ళు కోసి పంపిస్తుంటే దాసు లాగాడు, నేనూ మార్తా పరిచాం.

అన్నం దగ్గర డాక్టర్ల మాట వచ్చింది.

"మగడాక్టరైతే నేను ఏమీ చెప్పుకోలేను వదినా" అంది మార్త.

"ఇప్పటిదాకా నువ్వు చెప్పుకున్నదేముంది? చెప్పింది అక్కేగా" అన్నాడు దాసు.

"అదీ నిజమే. పంతొమ్మిదేళ్ళుగా నా ఒంట్లో ఏముందో మీ అక్కకే తెలుసు. నాకు తెలీదు."

దాసు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. హెప్సీ కంచంలో అన్నం సగం వదిలేసి లేచింది. మెట్టు ఎక్కి పై తట్టుకి వెళ్ళి, అక్కడ కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడింది. సముద్రం చూస్తోందనుకున్నాను.

ఎనిమిదో రోజు, గురువారం

మొదటి పేరు మనిషి కాదు. యంత్రం. చాలా తెప్పలవాళ్ళు దాన్నే పెట్టుకున్నారు.

నేను "నమస్కారం" అనేలోపల అది దాసు నడుం గురించి చెప్పడం మొదలుపెట్టింది. పాత కాగితాలన్నీ చదివేసిందట. పనికి ముందు రోజూ ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోవడం మా ఇంటి పద్ధతి, ఆగుతారా అని అడిగాను. ఆగుతాను, ఆ నిమిషం మీ పన్నెండులోంచి పోతుంది అంది.

"తప్పేం అనలేదే పాపం" అంది మార్త.

"నా నడుం గురించి నాకంటే దానికే ఎక్కువ తెలుసు. అది నాకు నచ్చలా" అన్నాడు దాసు.

ఆ పేరు కొట్టేశాం.

నిన్న తాళ్ళు చూసినప్పుడు హెప్సీ తాడుకి జారుముడులు నాలుగు. రెండు వదులుగా ఉన్నాయి, తీసేశాను. యంత్రంతో ఆ మాటదాకా రానేలేదు.

పదిహేనో రోజు, గురువారం

రెండో పేరు డాక్టర్ చలపతిరావు గారు. అరవై ఉంటాయేమో. నిదానమైన మనిషి. ప్రార్థనకి తానే ఆగారు.

"పరాంకుశం గారు మీ గురించి చెప్పారమ్మా. ఆ ఇంట్లో లేయమ్మగారు చెబితే రాసుకోవడమే నీ పని అన్నారు."

ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారా అని అడిగాను.

"పన్నెండు నిమిషాల్లో నలుగురితో ఏం మాట్లాడతానమ్మా? మీ మాట చాలు."

దాసు నడుం గురించి మంచి ప్రశ్నలు వేశారు. ఏ వైపు తిరిగి తాడు లాగుతాడని అడిగారు, అంతవరకు ఎవరూ అడగలేదు. మార్త చేతికి ఏ ఆకు కట్టామని అడిగారు. హెప్సీకి ఎప్పుడైనా కాస్త ఆయాసం వస్తుందన్నాను. నీళ్ళలోకి దిగేవాళ్ళకి మామూలే కదమ్మా అన్నారు. నేనూ అదే అనుకుంటున్నానన్నాను.

మనసు చల్లగా ఉంది. ఈయన్నే పెట్టుకుందాం అనుకున్నాను. మూడో ఆవిడతో కూడా ఒకసారి మాట్లాడాలి, అది పద్ధతి.

ఇరవయ్యో రోజు, మంగళవారం

పరాంకుశం గారు గట్టుకి వెళ్ళిపోయారట. ఇప్పుడు మాకు డాక్టరు లేరు. పేరు చెప్పేదాకా ఎవరూ మందు రాయకూడదు, గుండెపలక తెప్పించకూడదు. గుండెపలక అంటే వాడ మొత్తానికి ఒకటే, పంచాయితీ తెప్ప మీద ఉంటుంది. రొమ్ము మీద ఆనిస్తే చప్పుడు ఎంత దూరాన ఉన్న డాక్టరుకైనా వినపడుతుంది. మా ఇంటికి అది ఎప్పుడూ రాలేదు. ఆ అవసరం రానివ్వలేదు దేవుడు.

ఇరవై రెండో రోజు, గురువారం

మూడో పేరు డాక్టర్ షంషాద్. వయసు చెప్పలేదు. గొంతు ముప్పై అయిదు దాటినట్టు లేదు.

"లేయమ్మగారూ, మీ ఇంట్లో నలుగురు కదా. మనిషికి మూడు నిమిషాలు. మీరు ముందు మాట్లాడతారా, చివర్లోనా?"

"నేను అందరి తరఫునా మాట్లాడతానమ్మా."

"మీ తరఫున?"

"నాకేం లేదు."

"సరే, మీ మూడు నిమిషాలు అట్టే పెడతాను. మిగతావాళ్ళని ఒక్కొక్కళ్ళనే పంపండి. మీరు తెర బయట కూర్చోండి, ఏమనుకోకండి."

పంతొమ్మిదేళ్ళలో పెట్టె ముందునుంచి లేవమన్నవాళ్ళు లేరు. లేచాను. తెర దించాను. బయట పీట వేసుకుని కుడిచెవి తెరవైపు పెట్టుకుని కూర్చున్నాను. పెద్దదాన్ని, ఎవరికేం కావాలో నాకు తెలియాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

దాసు ఒక్క నిమిషంలో బయటికొచ్చాడు. "ఏం చెప్పాలో తోచలేదక్కా. నువ్వే చెప్పు" అన్నాడు. మార్త మూడు నిమిషాలూ వాడుకుంది, ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. తర్వాత హెప్సీ.

హెప్సీ చిన్నగా మాట్లాడింది. ఒక్క మాటా అందలేదు. ఆ తర్వాత నవ్వింది. పెట్టెలోంచి ఆవిడ కూడా నవ్వింది. ఇద్దరూ కలిసి, ఆపుకోలేనట్టు.

అది నా దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

దాని మూడు నిమిషాలు అయిపోయాయి. దాసు మిగిల్చిన రెండూ అయిపోయాయి. పెట్టె ఇంకా పలుకుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది, నా మూడు కూడా హెప్సీకే పోతున్నాయని.

మళ్ళీ.

ఇరవై మూడో రోజు, శుక్రవారం

నాచు తిరగేస్తూ అడిగాను.

"ఏమే, నిన్న అంతసేపు ఏం మాట్లాడావు?"

"ఏదో మాట్లాడుకున్నాం అక్కా."

"తెలియని మనిషితో అంత నవ్వేముంది?"

"తెలియని మనిషి కాబట్టే."

"నాతో చెప్పకూడనిదా?"

హెప్సీ నాచు కట్ట కింద పెట్టింది. నా కుడివైపుకి వచ్చి నిలబడింది. మా ఇంట్లో ఎవరైనా నాతో ముఖ్యమైన మాట చెప్పాలంటే ఆ వైపుకి వస్తారు.

"ఎండ ఎక్కింది, నీళ్ళు తాగక్కా" అని వెళ్ళిపోయింది.

మోకాళ్ళూని ఆ డాక్టరమ్మ కోసం ప్రార్థన చేశాను. ఆమెకు మేలు కలగాలని నోటితో అన్నాను. మనసులో ఆ మాట లేదు. దేవుడికి ఎటూ తెలుసు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఈ పేజీ చింపాలి.

ఇరవై నాలుగో రోజు, శనివారం

హెప్సీ నీటి చొక్కా ఉప్పు వదలగొడుతుంటే లోపలి జేబులో తాడు దొరికింది. పురికొసంత సన్నం. రెండు బారల పొడవు. దాని నిండా ముడులు.

కళ్ళు మూసుకున్నా వేళ్ళకి తెలిసిపోతుంది. జారుముడి. జారుముడి. జారుముడి. నాలుగు వారాలకొకసారి నెల గుర్తుకి రంగు నూలు చుట్టింది. అలాంటివి పదకొండు. లెక్కపెట్టాను. నూట ముప్పై ఆరు ముడులు. చివర్లో చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి.

తలుపు దగ్గర తాడుకి వేసినవన్నీ ఇక్కడ మళ్ళీ వేసుకుంది. అక్కడ మాయమైనవి ఇక్కడ ఉన్నాయి.

అప్పుడు నాకు ముందుగా తోచింది ఏమిటో రాయాలి. దానికి ఊపిరి ఆడడం లేదు అని కాదు. నాకు చూపించని తాడు సంగతి ఆ డాక్టరమ్మకు చెప్పింది అని. ఊపిరి సంగతి ఆ తర్వాత వచ్చింది. ఎంత తర్వాతో చెప్పలేను. చొక్కా పిండి ఆరేసి, తాడు మడిచి, ఉన్నచోటే పెట్టాను.

జారుముడి కొస పట్టుకుని లాగితే ఊడిపోతుంది. తాడు మీద మడత కూడా మిగలదు. బుధవారం బుధవారం నేను లాగాను. వారానికి ఒకటో రెండో. పన్నెండు నిమిషాలు నలుగురికి సరిపోవాలి కదా అనేదాన్ని. దాసు ముడి ఒక్కటి కూడా ఎప్పుడూ చెప్పకుండా విప్పలేదు.

ఇరవై అయిదో రోజు, ఆదివారం

చీటీ మీద చలపతిరావు గారి పేరు రాసి బైబిల్లో పెట్టుకుని గుడి తెప్పకి వెళ్ళాను.

ఆరాధన అయ్యాక పంచాయితీ పెద్ద యోహాను గారు అడిగారు. "పేరు తెచ్చావా లేయమ్మా? గడువు ఇంకా ఉందిలే, తొందర లేదు."

చీటీ మీద వేలు పెట్టి ఉంది. చలపతిరావు గారైతే నేను పెట్టె ముందే కూర్చుంటాను. తెర ఉండదు. నవ్వులుండవు. ఏడేళ్ళు.

"రేపు చెప్తానండి" అన్నాను.

ఎందుకు రేపన్నానో తెలియదు. మంచితనం వల్ల కాదు. అవతలి పడవలోంచి హెప్సీ చెయ్యి ఊపింది, అందుకే అయ్యుంటుంది.

ఇరవై ఆరో రోజు, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి హెప్సీ దిగింది. వద్దందామని గుమ్మం దాకా వచ్చాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది. తాడు చూశానని చెప్పాలి. ఎవరు విప్పారో చెప్పాలి. అనలేదు.

నడుముకి కట్టిన తాడు మూడుసార్లు లాగితే పైకి తీయమని గుర్తు. దాసు తాడు పట్టుకుని మార్తతో ఏదో వేళాకోళమాడుతున్నాడు. తాడు ఒక్కసారి కదిలి ఆగింది. వాడు నవ్వు ఆపాడు.

"అక్కా, ఇది లాగలేదే."

"తీయరా!"

పైకి తీస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. దగ్గితే నోటి వెంట నురుగు. నురుగులో ఎర్రజీర. ఒళ్ళు చల్లబడింది, పడుకోబెట్టి దుప్పటి కప్పాను. దుప్పటి తోసేసి లేవబోయింది. మళ్ళీ పడుకోబెట్టాను.

"వదినా, డాక్టరు!" అని అరిచింది మార్త. "మనకి డాక్టరెవరు వదినా?"

ఎవరూ లేరు. నేను రేపన్నాను కాబట్టి లేరు.

తెప్పల్ని కలిపే పలకల మీదుగా పరుగెత్తాను. ఏడో వరసనుంచి మొదటి వరసకి. యాభై నాలుగేళ్ళ మనిషి పరుగెత్తడం వాడంతా చూసింది. దారిలో ప్రార్థన చెయ్యడానికి ఊపిరి చాలలేదు. ఊపిరి చాలకపోవడం ఏమిటో కొంచెం తెలిసింది.

యోహాను గారు నా మొహం చూసి పుస్తకం తీశారు. "పేరు?"

"షంషాద్" అన్నాను. చీటీలో ఉన్నది వేరే పేరు. నోటికి వచ్చింది ఇది. హెప్సీ పదకొండు నెలలు దాచినది ఎవరికి చెప్పిందో వాళ్ళు కావాలి, అంతే. అప్పుడు కూడా అసూయ ఉంది. ఉన్నా కాళ్ళూ నోరూ వాటి పని అవి చేశాయి.

పేరు చెప్పిన రోజు ఇంటికి మొదటి పిలుపని అరగంట ఇస్తారు. గుండెపలకా, మందులపెట్టే చేతికిచ్చి, సంగతి డాక్టరమ్మకి తామే చేరవేస్తామని పడవ పెట్టి పంపారు.

"పడుకోబెట్టారా?" పెట్టె వెలగ్గానే డాక్టరమ్మ మొదటి మాట అది. "లేపి కూర్చోబెట్టండి. కాళ్ళు కిందికి వేలాడనివ్వండి. పంచాయితీ మందులపెట్టెలో నీరు తీసే మాత్ర ఉంటుంది, తెచ్చారా? రెండు వేయండి. ఇప్పుడు పలక పెట్టండి. ఎడమ రొమ్ము కింద. చొక్కా మీద కాదు, ఒంటిమీద."

పెట్టాను. హెప్సీ తన చెయ్యి నా చెయ్యిమీద వేసి పలకని అదిమింది.

ఆవిడ చాలాసేపు విన్నది. తర్వాత అడిగింది.

"చిన్నప్పుడు ఈవిడకి కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా? మీకెవరికైనా గుర్తుందా? పాత కాగితాలు లేవు."

పరాంకుశం గారికి ముందున్న డాక్టరు కాగితాలు రెండో వరదలో తడిసిపోయాయి. దాసు నాకేసి చూశాడు. అప్పుడు వాడికి పదకొండేళ్ళు, వాడికేం తెలుస్తుంది.

"వచ్చింది" అన్నాను. "దానికప్పుడు ఆరేళ్ళు. ముందు గొంతు నొప్పి. తర్వాత కుడి మోకాలు వాచింది. నాలుగు రోజులకి అది తగ్గి ఎడమ మడమ. ఆ తర్వాత మోచెయ్యి. జ్వరం అయిదు వారాలు. రాగిజావ తప్ప ఏదీ ఇమడలేదు."

"ముప్పై ఏడేళ్ళ కిందటిది. ఏ మోకాలో కూడా ఎలా గుర్తుందండీ?"

హెప్సీ ఊపిరి చప్పుడు వినపడుతోంది. మార్త దాని వీపు రాస్తోంది.

"ఆ అయిదు వారాల్లోనే నా చెవి పోయింది" అన్నాను. "నాకప్పుడు పదిహేడు. నా తాడుకి రోజూ ఉంగరపు ముడి వేసేదాన్ని. అమ్మ ఇంటి గొంతు. పన్నెండు నిమిషాలూ చెల్లికే అయిపోయేవి. వచ్చేవారం చెప్తాలే తల్లీ అనేది. ఆరో వారం చెప్పింది. అప్పటికి నొప్పి లేదు. వినపడటమూ లేదు."

మార్త వీపు రాయడం ఆపింది.

"పరాంకుశం గారికి ఆ జ్వరం సంగతి చెప్పారా?" అని అడిగింది డాక్టరమ్మ, మెల్లగా.

"లేదు. ఆ నెల గురించి ఎవరికీ చెప్పలేదు."

"ఆ జ్వరం గుండెలో ఒక తలుపుని పట్టుకుంది లేయమ్మగారూ. ఇన్నేళ్ళలో అది మెల్లగా బిగుసుకుంది. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. గట్టుకి తీసుకొస్తే సన్నని గొట్టం పంపి ఆ తలుపుని వెడల్పు చేయొచ్చు. చేస్తాం. ఈలోపల మాత్రలు. నీళ్ళలోకి దిగడం ఇంక లేదు. హెప్సీబాగారూ, ఆ రోజే చెప్పానా లేదా?"

"చెప్పారు" అంది హెప్సీ. మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటూ. "కోత రోజులండీ. ఎవరు దిగుతారు?"

"నేను దిగుతాను" అన్నాడు దాసు.

"నడుము?" అంది మార్త.

"నడుముకే తాడు కడతారుగా, అదే పట్టుకుంటుంది."

అంత కంగారులోనూ హెప్సీ నవ్వబోయి దగ్గింది.

ఇరవై ఏడో రోజు, మంగళవారం

మాత్ర పనిచేసింది. పెదాలు మామూలు రంగుకొచ్చాయి. పొద్దున్నే జావ తీసుకెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

"హెప్సీ, నీ తాడు ముడులు విప్పింది నేనే."

"తెలుసక్కా."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచి. తాడు నా మంచం మీదినుంచి కనపడుతుంది."

"మరి అడగలేదేం?"

జావ చల్లారబెట్టుకుంది. తర్వాత అంది: "ముడి విప్పి, అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేదానివి. నాకోసమో, నీకోసమో అర్థమయ్యేది కాదు. నాకోసమేనేమో అనుకుని ఊరుకునేదాన్ని."

ఎవరి కోసమో నాకూ తెలియదని చెప్పాను. అది నిజం.

"చెవి సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంటి?" అంది. "పుట్టుకతోనే అనుకున్నాను. అమ్మ అలాగే చెప్పింది."

"నీకు చెప్పి ఏం చేయను? నువ్వు ఆరేళ్ళ పిల్లవి."

"తర్వాత పెద్దదాన్నయ్యాగా!"

చెబితే కోపం పోతుందని భయపడ్డానేమో. కోపం ఒక్కటే నాకంటూ మిగిలినట్టుండేది. ఈ మాట దానితో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఆ తర్వాత రోజంతా హెప్సీ నాతో సరిగ్గా మాట్లాడలేదు. న్యాయమే.

ముప్పై ఒకటో రోజు, శనివారం

దాసు దిగుతున్నాడు. రెండు తాళ్ళు కోసేసరికి పైకొచ్చి, "ఈ పని పాతికేళ్ళు చేసిందా ఇది?" అన్నాడు. తెప్ప అంచున కూర్చున్న హెప్సీ, "ముడి అలా కాదురా అన్నయ్యా, నాచు జారిపోద్ది" అని అదిలించింది. తర్వాత నా కుడివైపుకొచ్చి, చాట ఇవ్వమంది. నాలుగు రోజుల తర్వాత మామూలు మాట. దేవుడికి స్తోత్రం.

తలుపు దగ్గర తాళ్ళు మూడూ తీసేశాను. కొత్త డాక్టరమ్మ పద్ధతికి అవి అక్కర్లేదు. హెప్సీ పొడుగు తాడు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. నేను అడగలేదు.

ముప్పై ఆరో రోజు, గురువారం

మధ్యాహ్నం గట్టు పడవ వస్తుంది. హెప్సీతో మార్త వెళ్తోంది. నేను వస్తానన్నాను. "నువ్వొస్తే అక్కడి డాక్టర్లకి కూడా నువ్వే చెప్తావు వదినా" అంది మార్త. దాసు నవ్వాడు, హెప్సీ నవ్వింది. నవ్వాను. కొంచెం గుచ్చుకుంది. ఇంట్లోనే ఉంటాను. వలలు తడపాలి, పలకలు తుడవాలి.

ఈ పుస్తకం హెప్సీ సంచిలో పెడుతున్నాను. డాక్టర్ షంషాద్ గారికి చేరాలి. గడువుకి ఇంకా నాలుగు రోజులున్నాయి గానీ రాయడానికి ఇంతే. చింపాలనుకున్న పేజీలు అలాగే ఉన్నాయి. హెప్సీ దారిలో చదివితే చదవనీ.

పొద్దున పెట్టె పలికింది. డాక్టరమ్మ ఈసారి నన్నే ముందు పిలిచింది.

"మీ మూడు నిమిషాలు. చెప్పండి."

పంతొమ్మిదేళ్ళు అందరి నొప్పులూ వరసగా అప్పజెప్పినదాన్ని. ఒక్క మాట రాలేదు. సగం నిమిషం పోయింది. ఆవిడ తొందరపెట్టలేదు.

"చెవి" అన్నాను.

"ఏ చెవి?"

ముప్పై ఏడేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఎడమది అన్నాను. ఇంకా కారుతుందా, తల తిరుగుతుందా, చప్పుళ్ళు వినపడతాయా అని అడిగింది. చప్పుడు వినపడుతుందన్నాను, రాత్రుళ్ళు, దూరంగా పడవ ఇంజను లాగా. ఎవరికీ చెప్పని మాట. వినికిడి తిరిగి రాకపోవచ్చు, చూడకుండా చెప్పలేను, వచ్చే పడవలో మీరూ రండి అంది. ఆ రోజు హెప్సీ ఎందుకు నవ్విందో అడుగుదామనుకున్నాను. నిమిషాలు అయిపోయాయి.

అడగక్కర్లేకుండా హెప్సీయే చెప్పింది, తెర దగ్గర నాకు ఎదురొస్తూ. "మీ అక్క ఎలాంటిదని అడిగింది అక్కా. మా అక్క మోకాళ్ళూనితే దేవుడు కూడా తన వంతు వచ్చేదాకా ఆగుతాడు అన్నాను."

"అంతేనా?"

"అంతే. దానికే పడీపడీ నవ్వింది."

అది లోపలికి వెళ్ళి తెర దించుకుంది. నేను పీట మీద కూర్చున్నాను. లోపల మాటలు మొదలయ్యాయి. ఆపరేషను గురించి అడుగుతోంది కాబోలు. గొంతులో భయం ఉంది. ఆ భయం నాకు కాకుండా ఆవిడకి చెబుతోంది. ఇంకా మండుతోంది నాకు, దాచను. తర్వాత నవ్వు వచ్చింది, ఇద్దరిదీ, మొన్నటిలాగే.

లేచాను. పీటని అటు తిప్పి వేసుకున్నాను. ఎడమ చెవి తెరవైపు పెట్టి, సముద్రంకేసి కూర్చున్నాను.